రంగులకు లెక్క కట్టిన మాక్స్‌వెల్

కంప్యూటరు తెర మీద ఒక విండోను, అందులో ఒక బటన్‌ను రూపొందించి దానికి రంగు వేయదలచిన విద్యార్థి కుంచె పట్టడు. రంగు పేరు కూడ తలవనక్కరలేదు. మూడు సంఖ్యలు వ్రాస్తాడు. మొదటిది ఎరుపు పాలు, రెండవది ఆకుపచ్చ పాలు, మూడవది నీలం పాలు. ఒక్కొక్కటి సున్న మొదలు 255 వరకు ఉండవచ్చును. మూడూ సున్నలైతే నలుపు. మూడూ 255 అయితే తెలుపు. మొదటి రెండు 255, మూడవది సున్న అయితే పసుపు. 256ను మూడుమార్లు వేసి హెచ్చించగా వచ్చే 1,67,77,216 రంగులు ఈ విధంగా అతని చేతిలోనికి వస్తాయి.

మూడే ఎందుకు? నాలుగు ఎందుకు కాదు, ఏడు ఎందుకు కాదు? ఇంద్రధనుస్సులో ఏడు రంగులని మనం బడిలో చదువుకొన్నాము గదా! ప్రతిదినం ఈ మూడు సంఖ్యలను టైపు చేసేవారిలో సైతం ఈ ప్రశ్న వేసుకొనేవారు అరుదు. దీనికి జవాబు తెరలో లేదు, కాంతిలోను లేదు. మన కంటిలో ఉన్నది. ఈ సంగతిని ఊహగా వదలివేయక కొలిచి, సమీకరణాలుగా వ్రాసి చూపిన మహనీయుడు జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్. విద్యుదయస్కాంత సిద్ధాంతకర్తగా ఆయన పేరు భౌతికశాస్త్రం చదివిన ప్రతివారికీ తెలిసినదే. ఆ ఘనకార్యపు నీడలో, రంగులను గూర్చి ఆయన చేసిన కృషి కొంత మరుగున పడినది. మేము ఆయన జీవితాన్ని ఆ మరుగున పడిన వైపు నుండి చెప్పదలచినాము.

మాక్స్‌వెల్ 1831 జూన్ 13న స్కాట్లండులోని ఎడింబరో నగరంలో జన్మించాడు. ఆ ఇల్లు ఉన్న వీధి పేరు ఇండియా స్ట్రీట్. మన దేశం పేరే. తండ్రి జాన్ న్యాయవాది అయినప్పటికీ యంత్రాల మీద మక్కువ గలవాడు. బాల్యమంతా గ్లెన్‌లేర్ అనే గ్రామీణ ఎస్టేటులో గడచినది. కనబడిన ప్రతి వస్తువును చూపి, అది ఎట్లు పనిచేయునో చెప్పుమని పెద్దలను పట్టి పీడించే స్వభావం ఆ పిల్లవానిది. ఎనిమిదేళ్ల వయసులో, 1839లో, తల్లి ఫ్రాన్సిస్ కడుపులో పుట్టిన క్యాన్సరుతో మరణించినది. పదవ ఏట ఎడింబరో అకాడమీలో చేర్చినప్పుడు, తండ్రి స్వయంగా కుట్టించిన విచిత్రమైన అంగరఖా, చదరపు మొన గల బూట్లు తొడుగుకొని వెళ్లాడు. పల్లెటూరి యాస, ఆ వేషం చూసి తోటి పిల్లలు పిచ్చివాడని పేరుపెట్టారు. ఆ పిచ్చివాడే తన పద్నాలుగవ ఏట అండాకార వక్రరేఖలపై వ్యాసం వ్రాయగా, దానిని 1846లో ఎడింబరో రాయల్ సొసైటీలో ప్రొఫెసర్ జేమ్స్ ఫోర్బ్స్ చదివి వినిపించవలసి వచ్చినది. సభలో నిలబడి చదువుటకు కర్తకు వయసు చాలలేదు.

రంగుల కథ ఈ ఫోర్బ్స్ వద్దనే ఆరంభమైనది. 1849లో ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఆయన రంగు కాగితాలు అతికించిన చక్రాన్ని వేగంగా త్రిప్పి, రంగులు ఎట్లు కలియునో పరీక్షిస్తుండగా విద్యార్థి అయిన మాక్స్‌వెల్ సహాయపడుచుండెను. తిరిగే వస్తువు మీది రంగులు కంటిలో ఒకటిగా కలిసిపోవునన్న సంగతి అప్పటికే మిక్కిలి పాతది. బస్రాలో పుట్టి కైరోలో గతించిన ఇబ్న్ అల్ హైతమ్ పదకొండవ శతాబ్దంలోనే తన దృక్‌శాస్త్ర గ్రంథంలో రంగుల బొంగరాన్ని వర్ణించినాడు. కాని చూచుట వేరు, కొలుచుట వేరు. ఫోర్బ్స్ పసుపును, నీలాన్ని చక్రంపై కలిపి చూశాడు. చిత్రకారులందరూ చెప్పినట్లు ఆకుపచ్చ రావలసి ఉండగా, రాలేదు. ఎరుపు ఛాయ తగిలిన ఒక వెలసిన రంగు వచ్చినది.

ఇది మన ప్రాంతపు అద్దకం పనివారికి వింతగా తోచగలదు. బందరు కలంకారీలో నీలిమందు వేసిన గుడ్డపై పసుపు పూసినచో ఆకుపచ్చ వచ్చుట తరతరాలుగా రంగ్రేజులు ఎరిగిన విషయం. వారి మాట అబద్ధం కాదు. అయితే అద్దకంలో ఒక్కొక్క రంగు తెల్లని వెలుతురులో కొంత భాగాన్ని మింగివేస్తుంది. పసుపు మింగగా, నీలం మింగగా మిగిలినది ఆకుపచ్చ. అది తీసివేత. చక్రంపై జరుగునది కూడిక. రెండు రంగుల వెలుగు ఒకదాని మీద ఒకటి వచ్చి కంటిలో చేరుతుంది. కంప్యూటరు తెర పక్కాగా ఈ రెండవ జాతికి చెందినది. పసుపునకు 255, 255, 0 అని, నీలానికి 0, 0, 255 అని వ్రాసి రెండింటినీ కూడి చూడండి: 255, 255, 255. అనగా తెలుపు. డ్రాయింగు మాష్టారు చెప్పిన పాఠంతో తెర ముందు కూర్చున్న విద్యార్థి మొదట తికమక పడేది ఇచ్చటనే.

మాక్స్‌వెల్ 1850లో కేంబ్రిడ్జికి వెళ్లి, 1854లో గణిత పరీక్షలో ద్వితీయుడుగా ఉత్తీర్ణుడయ్యాడు. చేతిలో పట్టా పడిన వెంటనే తిరిగి బొంగరం పట్టుకొన్నాడు. ట్రినిటీ కళాశాలలో ఉన్న ఆ రోజులలో, 1855 ప్రాంతంలో, తీయించుకొన్న ఫోటోలో కూడ ఆయన చేతిలో ఆ బొంగరమే ఉన్నది.

ఆ పరికరం చూడటానికి ఆటవస్తువు వంటిదే. గుండ్రని పళ్లెం, అంచున వంద భాగాలు గుర్తించబడి ఉంటాయి. రంగు కాగితాలను వృత్తాలుగా కత్తిరించి, కేంద్రం నుండి అంచు దాకా ఒక్కొక్క చీలిక పెట్టి, ఒకదానిలో ఒకటి జొనిపితే, ఏ రంగు ఎన్ని భాగాలు కనబడవలెనో అన్ని భాగాలకు జరుపుకొనవచ్చును. వెలుపలి వలయంలో మూడు రంగులు: ఇంగిలీకపు ఎరుపు, మరకతపు ఆకుపచ్చ, అల్ట్రామెరీన్ అనే ముదురు నీలం. లోపలి చిన్న వలయంలో నలుపు, తెలుపు. బొంగరాన్ని త్రిప్పి, లోపలి బూడిదరంగూ వెలుపలి బూడిదరంగూ కంటికి తేడా తెలియనంతగా ఒకటయ్యేదాకా కాగితాలను సవరించి, అంచు మీది సంఖ్యలను చదివి వ్రాసుకొనుటే ప్రయోగం. ఆయన పొందిన ఫలితాలలో ఒకటి ఇది: ఎరుపు 37, నీలం 27, ఆకుపచ్చ 36 భాగాలు కలిసి, తెలుపు 28, నలుపు 72 భాగాల కలయికకు సమానం. రెండు పక్కల మొత్తం వందే. రంగుల మధ్య సమత్వపు గుర్తు పెట్టవచ్చునని, వాటిని బీజగణితం వలె కూడి తీసివేయవచ్చునని దీనివలన స్థిరపడినది. 1855లో ఎడింబరో రాయల్ సొసైటీకి ఈ ఫలితాలను సమర్పించినప్పుడు ఆయన వయసు ఇరువదిమూడు సంవత్సరాలు.

మన కంటిలో మూడు విధాలైన వర్ణగ్రాహకాలు ఉండవచ్చునని 1802లోనే థామస్ యంగ్ ఊహించి ఉండెను. యాభై ఏళ్లు ఆ ఊహకు ఆదరణ లేదు. జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్, ఇంగ్లండులో మాక్స్‌వెల్ దానికి మళ్లీ ప్రాణం పోశారు. ఏ రంగునైనను మూడు రాశులతో నిర్ణయించవచ్చునని, వాటిని ఒక త్రిభుజంలో బిందువులుగా గుర్తించవచ్చునని మాక్స్‌వెల్ చూపించాడు. రంగు ఎంచుకొనుటకు నేటి ప్రోగ్రాములు చూపించే పెట్టెలకు ఈ త్రిభుజమే పూర్వరూపమని మేము భావిస్తున్నాము.

ఇక్కడ ప్రోగ్రాము వ్రాసేవారు గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. బొంగరం మీది 28 భాగాల తెలుపును తెరపై చూపదలచి, 255లో 28 శాతం అని లెక్కకట్టి మూడు చోట్లా 71 వేసినారనుకొనండి. రావలసిన బూడిదరంగు రాదు. చాల చీకటిగా వస్తుంది. తెర మీది సంఖ్య వెలుగు పరిమాణంతో సమానంగా పెరగదు గనుక, 71 వద్ద తెర ఇచ్చే వెలుగు తెలుపులో సుమారు 6 శాతమే. 1999లో అంతర్జాతీయ ప్రమాణంగా వెలువడిన ఎస్‌ఆర్‌జీబీ సూత్రం ప్రకారం 28 శాతం వెలుగునకు వేయవలసిన సంఖ్య సుమారు 144. మాక్స్‌వెల్ భాగాలు వెలుగు కొలతలు. మన సంఖ్యలు వాటిని కంటి స్వభావానికి తగినట్లు మార్చి వ్రాసిన గుర్తులు. రెండు రంగుల మధ్య మెల్లగా మారే ఛాయను గీయునప్పుడు నడుమ భాగం మురికిగా కనబడుటకు తరచు కారణం ఈ భేదాన్ని మరచుటయే. ఇంకొక చిక్కు కూడ ఉన్నది. విండోస్‌లో రంగును ఒకే పెద్ద సంఖ్యగా వ్రాయునప్పుడు ఎరుపు అట్టడుగు స్థానంలో ఉండును. అందువలన నిండు ఎరుపు 255, నిండు నీలం 1,67,11,680. వెబ్ పుటలలో వరుస ఇందుకు తారుమారు. ఎర్రగా ఉండవలసిన బటన్ నీలంగా ప్రత్యక్షమైనచో మొదట అనుమానించవలసినది ఈ వరుసనే.

మాక్స్‌వెల్ వ్యాసంలో మాకు అన్నింటికంటె గొప్పగా తోచిన భాగం వర్ణాంధులను గూర్చినది. ఎరుపు, ఆకుపచ్చల భేదం తెలియనివారిని ఆయన లోపం గల పరిశీలకులని త్రోసివేయలేదు. వారినీ బొంగరం ముందు కూర్చుండబెట్టి, వారి కన్నులకు సమానమనిపించిన భాగాలను అంతే శ్రద్ధగా లెక్కించాడు. సామాన్యులకు సమీకరణంలో మూడు రంగులు కావలసి ఉండగా, వారికి రెండే చాలినవి. వారి చూపు అస్తవ్యస్తమైనది కాదు. ఒక కొలత తక్కువగా ఉన్నను, నియమానికి కట్టుబడినదే. ఒక కంటికి ఎర్రగాజు, మరొక కంటికి ఆకుపచ్చ గాజు గల కళ్లజోడు పెట్టుకొన్నచో వారు ఆ రెండు రంగులను వేరుపరచుకొనగలరని కూడ ఆయన సూచించాడు. అంతకు పూర్వం 1794లో తన స్వంత వర్ణాంధత్వాన్ని వర్ణించిన రసాయనవేత్త జాన్ డాల్టన్, తన కంటిలోని ద్రవం నీలిరంగుగా ఉండుటే కారణమని నమ్మెను. 1844లో ఆయన మరణానంతరం కన్ను కోసి చూడగా ద్రవం స్వచ్ఛంగానే ఉన్నది. భద్రపరచిన ఆ కంటి నుండి 1995లో జన్యువులను పరీక్షించి, ఆకుపచ్చను గ్రహించే వర్ణకమే ఆయనకు లేదని తేల్చారు.

యూరపు సంతతి పురుషులలో పన్నెండుగురిలో సుమారు ఒకరికి ఏదో ఒక స్థాయిలో ఈ లోపం గలదు. స్త్రీలలో రెండువందలమందిలో ఒకరికి మాత్రమే. మన దేశంలో పురుషులలో ఈ నిష్పత్తి అంతకంటె తక్కువే అయినను, వంద మంది కూర్చున్న తరగతిలో ఒకరిద్దరు ఉండుట సహజం. వారిలో పలువురికి ఆ సంగతి తెలియదు కూడ. ఫలితాల పట్టికలో ఉత్తీర్ణులను ఆకుపచ్చలో, తప్పినవారిని ఎరుపులో చూపించి, మరే గుర్తూ పెట్టని ప్రోగ్రామును తలచుకొనండి. తన పేరు ఎదురుగా ఉన్న రంగు ఏదో పోల్చుకొనలేని విద్యార్థి దానిని పక్కవానిని అడుగవలసి వచ్చును. ఒక చిన్న మాట, ఒక గీత, ఒక ఆకారం రంగు పక్కన చేర్చుటకు పట్టే శ్రమ ఎంత? అట్లే చూపు మందగించినవారు తమ యంత్రంలో నల్లని నేలపై తెల్లని అక్షరాలు అమర్చుకొని ఉంటారు. ప్రోగ్రాము వ్రాసినవాడు అక్షరాల రంగును వారి ఏర్పాటుకే వదలి, నేలను మాత్రం తన ఇష్టప్రకారం తెలుపు చేసినచో, తెలుపు మీద తెలుపు పడి ఏమీ కనబడదు. రెండూ తానే నిర్ణయించవలెను, లేదా రెండూ వ్యవస్థ నుండే తీసుకొనవలెను. నడిమి మార్గం ఇక్కడ పనికిరాదు.

1856లో మాక్స్‌వెల్ అబర్డీన్‌లోని మారిషల్ కళాశాలలో ఆచార్యుడయ్యాడు. ఆ సంవత్సరమే తండ్రి మరణించాడు. 1858లో ఆ కళాశాల ప్రిన్సిపాలు కుమార్తె కేథరిన్ మేరీ డ్యూవర్‌ను వివాహమాడాడు. 1860లో ఊరిలోని రెండు కళాశాలలను ఒకటి చేయగా, భౌతికశాస్త్రానికి ఒక్క ఆచార్యుడు చాలునని మాక్స్‌వెల్‌ను తొలగించారు. ప్రిన్సిపాలు అల్లుడైనను ఉద్యోగం నిలువలేదు. గురువు ఫోర్బ్స్ ఖాళీ చేసిన ఎడింబరో పీఠానికి దరఖాస్తు చేయగా అదియు బాల్యమిత్రుడు టైట్‌కు దక్కినది. ఆ వేసవిలోనే మశూచి సోకి ప్రాణాపాయ స్థితికి చేరినప్పుడు కేథరిన్ సేవ చేసి బ్రతికించుకొన్నది. ఇన్ని కష్టాల మధ్య అదే ఏడాది లండన్ కింగ్స్ కళాశాలలో స్థానం దొరికినది. రంగుల పరిశోధనకు రాయల్ సొసైటీ వారి రమ్‌ఫోర్డ్ పతకం లభించినది.

లండన్‌లో ఆయన కాపురమున్న ఇంటి పైగదిలో కిటికీ వద్ద సుమారు ఎనిమిది అడుగుల పొడవు గల నల్లని పెట్టె ఒకటి ఉండేది. సూర్యకాంతిని పట్టకంతో విడదీసి, అందులో మూడు చోట్ల నుండి మాత్రమే సన్నని చీలికల గుండా వెలుగు తీసి, కలిపి, తెల్లని వెలుగుతో పోల్చుటకు చేసిన సాధనం అది. చీలిక వెడల్పే ఆ రంగు కొలత. దంపతులిద్దరూ గంటల తరబడి అందులోనికి తొంగిచూస్తుంటే, శవపేటికలోనికి చూస్తున్నారని ఇరుగుపొరుగువారు భయపడేవారట! 1860 నాటి వ్యాసంలో ఇద్దరు పరిశీలకుల కొలతలు కలవు. ఒకరు జె, మరొకరు కె. ఆ కె అనే అక్షరమే కేథరిన్. శాస్త్ర చరిత్రలో ఆమెకు దక్కిన చోటు ఆ ఒక్క అక్షరమంతయే కావడం మాకు విచారకరంగా తోచుచున్నది. భార్యాభర్తల కొలతలు సరిపోలక, నీలం ఆకుపచ్చల ప్రాంతంలో తేడా వచ్చినది. మాక్స్‌వెల్ దానిని పొరపాటుగా కొట్టివేయక, కంటి నడుమ గల పసుపు మచ్చ మనిషికీ మనిషికీ వేరుగా ఉండుటే కారణమని గ్రహించాడు. ఆరోగ్యవంతమైన రెండు జతల కన్నులు కూడ ఒకే రంగును ఒకేలా కొలువవని దీని భావం.

ఆ పెట్టె మరొక సత్యాన్నీ చూపించినది. వర్ణపటంలోని కొన్ని స్వచ్ఛమైన రంగులు మూడింటిని ఎట్లు కలిపినను రావు. వాటికి సమత్వం సాధించవలెనన్న మూడింటిలో ఒకదానిని అవతలి పక్కన చేర్చవలెను. అనగా సమీకరణంలో అది రుణసంఖ్య అగును. తెర రుణాత్మకమైన వెలుగును ఇవ్వజాలదు గదా. కనుక మన కోటిన్నరకు పైబడిన రంగులలో నెమలి మెడ మీది ఆ నీలిపచ్చ నిగనిగ పూర్తిగా ఇమడదు.

1861 మే 17న రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మాక్స్‌వెల్ ఇచ్చిన ఉపన్యాసం నేటి తెరకు నిజమైన నాంది. గళ్ల రిబ్బను ముడి ఒకదానిని ఫోటోగ్రాఫర్ థామస్ సటన్ చేత మూడుమార్లు తీయించాడు: ఒకసారి ఎర్రని ద్రవం గుండా, ఒకసారి ఆకుపచ్చ ద్రవం గుండా, ఒకసారి నీలి ద్రవం గుండా. ఫలకాలు మూడూ నలుపు తెలుపులే. వాటిని మూడు లాంతర్లలో ఉంచి, ఆ ద్రవాల గుండానే వెలుగును పంపి, మూడు బింబాలను గోడపై ఒకదానిపై ఒకటి పడునట్లు చేయగా, రిబ్బను తన రంగులతో కనిపించినది. లోకంలో ఇది మొదటి త్రివర్ణ ఛాయాచిత్రం.

అయితే ఇందులో ఒక విచిత్రం దాగి ఉన్నది. ఆనాటి ఫోటో ఫలకాలు ఎర్రని వెలుగును అసలు గ్రహించలేవు. ఎర్రని ద్రవం గుండా తీసిన ఫలకం ఖాళీగా ఉండవలసినది. అయినను అందులో బింబం పడినది! నూరేళ్ల తరువాత, 1961లో, కొడాక్ సంస్థ పరిశోధకులు ఈ చిక్కు విప్పారు. ఆ ఎర్రని ద్రవం కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలను కూడ పోనిచ్చినది. రిబ్బను మీది ఎర్రరంగు ఆ కిరణాలను ప్రతిఫలింపజేసినది. ఎరుపు అని అందరూ చూసినది నిజానికి ఎరుపు వెలుగు నమోదు చేసినది కాదు. సిద్ధాంతం సత్యం, నిదర్శనం మాత్రం అదృష్టవశాన కుదిరినది. ఇందువలన మాక్స్‌వెల్ కీర్తికి వెలితి కలుగునని మేము తలచము. ఆకుపచ్చ, ఎరుపు ఫలకాలు సరిగా రాలేదని ఆయన ఆ సభలోనే ఒప్పుకొని ఉండెను.

తరువాతి కథ భౌతికశాస్త్ర గ్రంథాలలో విపులంగా ఉన్నది. 1865లో విద్యుదయస్కాంత క్షేత్ర సిద్ధాంతం, 1873లో దానిపై బృహద్గ్రంథం, 1871లో కేంబ్రిడ్జిలో తొలి కావెండిష్ ఆచార్య పదవి, 1874లో కావెండిష్ ప్రయోగశాల ప్రారంభం. 1879 నవంబరు 5న, నలభైఎనిమిదేళ్ల వయసులో, తల్లిని బలిగొన్న వ్యాధి వంటిదే ఆయననూ బలిగొన్నది. గ్లెన్‌లేర్ సమీపాన పార్టన్ గ్రామంలోని చర్చి ఆవరణలో, తల్లిదండ్రుల పక్కన ఆయనను ఖననం చేశారు. 1886లో కేథరిన్ కూడ అక్కడికే చేరినది.

ఆయన కొలతల పద్ధతిని మరింత మెరుగుపరచిన ఇంగ్లండు పరిశోధకుల ఫలితాలపై ఆధారపడి 1931లో అంతర్జాతీయ ప్రకాశ సంఘం సామాన్య నేత్రానికి సంఖ్యాపట్టికలను స్థిరపరచినది. నేటి తెరల ప్రమాణాలన్నీ ఆ పట్టికల మీదనే నిలిచి ఉన్నవి. ఎడింబరో జార్జి స్ట్రీట్‌లో 2008లో నెలకొల్పిన కంచు విగ్రహంలో మాక్స్‌వెల్ కుర్చీలో కూర్చుండి ఉంటాడు. పాదాల చెంత ఆయన పెంపుడు కుక్క టోబీ. చేతిలో విద్యుత్తుకు గాని అయస్కాంతానికి గాని సంబంధించిన సాధనమేదీ లేదు, రంగుల చక్రమే ఉన్నది.